ఇంటికెళ్లే ముందు ఒక్క అరగంట

పక్షవాతం వచ్చిన మీవాళ్లను ఇంటికి తీసుకెళ్తున్న అందరికీ నమస్కారం. బిల్లు కట్టే హడావుడి, కావలి బస్సు తప్పిపోతుందన్న టెన్షన్ మీకుంటాయని తెలుసు. అయినా అరగంట కూర్చోండి.

డిశ్చార్జి అన్నారంటే పక్షవాతం పూర్తిగా తగ్గిందని కాదు. ప్రాణగండం దాటింది, మిగతా వైద్యం ఇక ఇంట్లో. ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా చూసేది నిర్లక్ష్యం కాదు, ప్రేమకొద్దీ చేసే పొరపాట్లు.

ముందు భుజం సంగతి. మనిషిని లేపాలంటే చెయ్యి పట్టి లాగుతాం. పడిపోయిన చేతికి కండ పట్టు ఉండదు కాబట్టి భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వ్యాయామం చెయ్యనివ్వదు. చంకల్లో చేతులు పెట్టి ఎత్తడమూ వద్దు. పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, వీపు వెనక చెయ్యి వేసి కూర్చోబెట్టండి. చొక్కా తొడిగేటప్పుడు పడిన చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి చివర.

తర్వాత మింగడం. పడుకోబెట్టి నీళ్లు పోస్తారు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. తలుచుకుంటున్నది న్యుమోనియా, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బు! నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టండి. ఒక ముద్ద మింగాకే ఇంకొకటి. పడిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడండి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. జావ పెట్టాలా, మెత్తటి అన్నమా అనేది మింగే తీరు చూసి మీకు చెప్పే ఉంటారు, అదే పాటించండి.

చేపల పులుసు మానమని నెల్లూరోళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు. ముల్లు ఏరి పెట్టండి, అంతే. ఉప్పు మాత్రం రోజుకు ఒక టీస్పూను దాటకూడదు. ఆవకాయ, ఎండుచేప, అప్పడంలో ఉండేదీ ఆ లెక్కలోదే.

బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేస్తారు. నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే కదా! పక్కింటాయన మాత్రలూ వాడొద్దు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి రక్తం పల్చబరిచే మాత్ర ఇస్తారు. మెదడులో రక్తనాళం చిట్లి వచ్చినదానికి అదే ప్రమాదం కావచ్చు. పావురం నెత్తురు రాస్తే చెయ్యి లేస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. మొదటి మూడు నెలల్లో ఎటూ ఎక్కువ కోలుకుంటారు, పేరేమో పావురానికి వస్తుంది.

మాట పోయినంత మాత్రాన వినపడదని, అర్థం కాదని అనుకోకండి. మంచం పక్కనే కూర్చుని ఖర్చుల గురించి గొణగొద్దు. ఊరికే ఏడుస్తుంటే, తిండి మీద ధ్యాస లేకపోతే డాక్టరుకు చెప్పండి, దానికీ మందులున్నాయి.

మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా టైము చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేది మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే. నోట్లో ఏమీ వెయ్యొద్దు.

ఇప్పుడు ఇంటికొకరు లేచి రండి. ఈ మంచం మీద నేను పడుకుంటా, ఎడమ చెయ్యి పడిపోయిందనుకోండి. నన్ను ఆ కుర్చీలోకి మార్చాలి. చెయ్యి పట్టి లాగారో, వార్డంతా వినపడేలా అరుస్తా.