జట్టు ఓడితే తప్పు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

దేశం జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిందంటే బెంగళూరులో ఆ రాత్రి మాటలు ఎలా సాగుతాయో మీకు తెలిసిందే. కంఠీరవ స్టేడియం గేటు దాటి కస్తూర్బా రోడ్డు మీదికి వచ్చేలోపే తీర్పులు మొదలవుతాయి. మారతహళ్లి పీజీల్లో టీవీ ముందు కూర్చున్న మన తెలుగు కుర్రాళ్ల దగ్గరా అంతే. ‘వాడికి పొగరెక్కింది’, ‘వీళ్లకి దేశమంటే లెక్కలేదు’, ‘ముందు కోచ్‌ని పీకెయ్యాలి’. ఆ కోపం న్యాయమైనదే. టికెట్టు కొని, వానలో తడిసి, గొంతు పోయేలా అరిచినవాళ్లకి అడిగే హక్కుంది. కాకపోతే ఆ కోపంలో మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేస్తున్నాం. మైదానంలో రిఫరీ శిక్షించే తప్పు ఒకటి. శిబిరంలో ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షించే తప్పు ఇంకొకటి. ఏ కమిటీ ముందుకూ రాని తప్పు, అంటే ఆటలోనూ సన్నాహంలోనూ ఉన్న లోపం, మూడోది. జట్లను ముంచేది చాలాసార్లు ఆ మూడోదే అని నా నమ్మకం.

మన ఊరి మైదానం నుంచే మొదలుపెడదాం. 2023 జూన్ 21, దక్షిణాసియా సమాఖ్య నడిపే శాఫ్ ఛాంపియన్‌షిప్, పాకిస్థాన్‌తో మ్యాచ్. మనం 2-0తో ముందున్నాం, హాఫ్‌టైమ్ దగ్గరపడింది. పాకిస్థాన్ ఆటగాడు త్రో-ఇన్ వేయబోతుంటే, గీత పక్కన నిలబడ్డ మన కోచ్ ఇగోర్ స్టిమాచ్ అతని చేతిలోని బంతిని తట్టేశాడు. రిఫరీ నిర్ణయం అన్యాయమని ఆయన వాదన. అయ్యుండొచ్చు కూడా. నిబంధనకు మాత్రం ఆ వాదనతో పనిలేదు. ఎదుటి జట్టు ఆటను తిరిగి మొదలుపెట్టకుండా కోచ్ అడ్డుపడితే రెడ్ కార్డే. కార్డు చూసిన కోచ్ ఆ మ్యాచ్‌లో ఇక బెంచీ దగ్గర ఉండకూడదు, తర్వాతి మ్యాచ్‌కూ దూరమే. అందుకే నేపాల్ మ్యాచ్‌కి సహాయ కోచ్ మహేశ్ గావ్లీ జట్టును నడిపాడు. జూన్ 27న కువైట్‌తో మ్యాచ్‌కి స్టిమాచ్ తిరిగొచ్చి, మళ్లీ రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. ఈసారి రెండు మ్యాచ్‌ల నిషేధం, పైన జరిమానా. అదే మ్యాచ్ చివర్లో తోపులాట జరిగి మన రహీం అలీ, కువైట్ ఆటగాడొకడు బయటికి వెళ్లారు. ఆ వెంటనే ఇంజురీ టైములో బంతి అన్వర్ అలీ కాలికి తగిలి మన గోల్‌లోకే వెళ్లింది. చేతిలో ఉన్న గెలుపు 1-1గా ముగిసింది.

ఇంత జరిగాక కూడా సెమీఫైనల్లో లెబనాన్‌ని, జూలై 4న ఫైనల్లో కువైట్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు మనమే గెలిచాం. ఆ రెండు మ్యాచ్‌లకూ కోచ్ బెంచీ దగ్గర లేడు.

ఆరు నెలలు తిరిగాయి. 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అక్కడ బంతి లాక్కున్నవాళ్లు లేరు, శిబిరంలో తిరుగుబాటు లేదు. గొడవపడిన జట్టు కప్పు తెచ్చింది, అణకువగా ఉన్న జట్టు ఖాళీ చేతులతో వచ్చింది. ప్రవర్తన ఒక లెక్క, ఆట ఇంకో లెక్క అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక శిబిరంలో జరిగే తప్పు. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే పేరు నైస్నా. దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 2010 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ జట్టు బస అక్కడే. ఆ కథ తేదీల వారీగా వింటేనే ఎక్కడ తెగిందో అర్థమవుతుంది.

జూన్ 17, గురువారం. మెక్సికోతో మ్యాచ్, హాఫ్‌టైమ్‌కి 0-0. డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ రేమోఁ డొమెనెక్‌కీ ఫార్వర్డ్ నికొలా అనెల్కాకీ మాటామాటా పెరిగింది. అనెల్కాని రెండో సగానికి దింపలేదు. ఫ్రాన్స్ 0-2తో ఓడింది. శుక్రవారమంతా గడిచినా సమాఖ్య ఏ చర్యా తీసుకోలేదు. 19వ తేదీ శనివారం పొద్దున లెకిప్ పత్రిక మొదటి పేజీలో, అనెల్కా కోచ్‌ని తిట్టాడంటూ బూతుమాటలు అచ్చయ్యాయి. అక్షరాలా ఆ మాటలు కావని డొమెనెక్ కూడా తర్వాత చెప్పాడు, కానీ అప్పటికి ఆలస్యమైపోయింది. అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు, అనెల్కా ఒప్పుకోలేదు, ఇంటికి పంపేశారు. ఇంటి గుట్టు లంకకు చేటన్నట్టు, కెప్టెన్ పాత్రీస్ ఎవ్రా మీడియా ముందుకొచ్చి, సమస్య అనెల్కా కాదు, మాట బయటికి మోసిన ద్రోహి మా మధ్యే ఉన్నాడన్నాడు.

20వ తేదీ ఆదివారం. ప్రాక్టీసు చూడటానికి జనాన్ని రానిచ్చిన రోజు. ఆటగాళ్లు వచ్చారు, అభిమానులకు ఆటోగ్రాఫ్‌లు ఇచ్చారు. తర్వాత ఎవ్రాకీ ఫిట్‌నెస్ కోచ్ రాబెర్ దువెర్న్‌కీ గొడవైంది, డొమెనెక్ మధ్యలోకెళ్లి విడదీశాడు. ఆటగాళ్లంతా బస్సెక్కి పరదాలు వేసుకుని కూర్చున్నారు. ప్రాక్టీసు చేయబోమన్నారు. వాళ్లు రాసిన ప్రకటనను విలేకరులకు చదివి వినిపించింది ఎవరో కాదు, కోచే. జట్టు వ్యవహారాలు చూసే అధికారి అక్కడికక్కడే రాజీనామా ఇచ్చాడు. 22న దక్షిణాఫ్రికాతో చివరి మ్యాచ్‌లో ఎవ్రాని పక్కనపెట్టారు. 25వ నిమిషంలో గుర్‌కుఫ్‌కి రెడ్ కార్డు. 1-2తో ఓటమి. ఒక పాయింటు, ఒక గోల్, గ్రూపులో అట్టడుగు స్థానం.

ఆగస్టులో సమాఖ్య కమిటీ అనెల్కాకి 18 మ్యాచ్‌ల నిషేధం వేసింది, ఎవ్రాకి 5, రిబెరీకి 3, తులలాఁకి 1. కొత్త కోచ్ లోరాఁ బ్లాఁ తన తొలి మ్యాచ్‌కి, ప్రపంచ కప్‌కి వెళ్లిన ఆ 23 మందిలో ఒక్కరినీ తీసుకోలేదు. అనెల్కా మళ్లీ ఫ్రాన్స్ జెర్సీ వేసుకోలేదు. ఎవ్రా శిక్ష పూర్తిచేసి తిరిగొచ్చి, 2014 ప్రపంచ కప్ ఆడాడు.

అభిమానులు ఇక్కడే ఆగిపోతారు: కోట్లు సంపాదించే కుర్రాళ్లకి కళ్లు నెత్తికెక్కాయి, జట్టు మునిగింది. క్యాలెండర్ ఇంకొంచెం వెనక్కి తిప్పండి. 2008 యూరో కప్‌లో ఇదే కోచ్ కింద ఇదే జట్టు ఒక్క పాయింటుతో గ్రూపులో చివర నిలిచింది. అయినా సమాఖ్య డొమెనెక్‌ని కొనసాగించింది. 2009 నవంబరులో ఐర్లండ్ మీద ఫార్వర్డ్ తియెరీ ఆఁరీ చేతికి తగిలిన బంతితో వచ్చిన గోల్ వల్ల గట్టెక్కి ప్రపంచ కప్‌కి వచ్చారు. ఈ కప్పు తర్వాత డొమెనెక్ వెళ్లిపోతాడనీ, బ్లాఁ వస్తాడనీ టోర్నీకి ముందే అందరికీ తెలుసు. వెళ్లిపోయే కోచ్ మాట ఎవరు వింటారు? బస్సులో పరదాలు వేసుకోవడం తప్పే, ఆ శిక్షలు సరైనవే. కానీ రెండేళ్లుగా ఆటలో కనిపిస్తున్న పగుళ్లను పూడ్చనివాళ్లకు ఏ కమిటీ మ్యాచ్‌ల నిషేధం వేయలేదు. సమాఖ్య అధ్యక్షుడు రాజీనామా చేశాడు, అంతవరకే.

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. గురువారం రాత్రి జరిగిన తప్పుకి శనివారం పత్రిక చూశాక శిక్ష వేస్తే, అది తప్పుకి వేసినట్టుండదు, వార్తకి వేసినట్టుంటుంది. ఆటగాళ్లు తిరగబడింది దానిమీదే. ఆ రాత్రే నలుగురూ కూర్చుని తేల్చేసి ఉంటే బస్సు దాకా వచ్చేది కాదని నేననుకుంటాను.

చాలామంది అభిమానులు మర్చిపోయే నిబంధన ఒకటి చెప్పాలి. ప్రపంచ కప్‌కి తుది జాబితా ఇచ్చాక కొత్త ఆటగాణ్ని తీసుకోవాలంటే తీవ్రమైన గాయమో జబ్బో ఉండాలి, అదీ తొలి మ్యాచ్‌కి 24 గంటల ముందు వరకే. గోల్‌కీపర్లకు మాత్రం తర్వాత కూడా కొంత వెసులుబాటు. క్రమశిక్షణ తప్పాడని పంపేస్తే ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. అనెల్కా వెళ్లాక ఫ్రాన్స్‌కి మిగిలింది 22 మందే. కాబట్టి ‘వాణ్ని తరిమేయాలి’ అని మనం టీవీ ముందు అన్నప్పుడు, కోచ్ ముందున్న లెక్క అంత తేలికైనది కాదు.

2002 ప్రపంచ కప్ ముందు ఐర్లండ్‌ది ఇదే పరిస్థితి. సైపాన్ దీవిలో శిబిరం, ప్రాక్టీసు మైదానం రాయిలా గట్టిగా ఉంది, సామాను వేళకి రాలేదు. కెప్టెన్ రాయ్ కీన్ మండిపడ్డాడు, జట్టు సమావేశంలో కోచ్ మిక్ మెకార్తీతో తీవ్రంగా గొడవపడ్డాడు, ఇంటికి పంపేశారు. గడువు దాటిపోవడంతో అతని బదులు ఇంకొకర్ని ఫీఫా ఒప్పుకోలేదు. ఆ 22 మందే జర్మనీతో 1-1 డ్రా చేసి, నాకౌట్‌కి చేరి, స్పెయిన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. కీన్ మాట్లాడిన తీరు తప్పు కావచ్చు. మైదానం గురించి అతను అన్నది మాత్రం నిజం.

2014 ప్రపంచ కప్‌లో ఘనా కథ డబ్బుతో మొదలైంది. ఆటగాళ్లకు రావాల్సిన సొమ్ము అందలేదు. చివరికి ప్రభుత్వం 30 లక్షల డాలర్లకు పైగా నగదును విమానంలో బ్రెజిల్‌కి పంపించింది. పోర్చుగల్‌తో చివరి మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు ఇద్దరిని పంపేశారు: అధికారి మీద చేయి చేసుకున్నందుకు ముంటారిని, కోచ్‌ని తిట్టినందుకు బోటెంగ్‌ని. ఆ మ్యాచ్ 1-2తో పోయింది. అంతకు ఐదు రోజుల ముందు ఇదే ఘనా, ఆ ఏడాది కప్పు గెలిచిన జర్మనీని 2-2 దగ్గర ఆపింది. ఆ కప్పులో జర్మనీ గెలవని మ్యాచ్ అదొక్కటే. కాళ్లలో ఆట ఉంది, చేతికి జీతం లేదు. కొట్టడాన్ని క్షమించలేం, అంతవరకు తెచ్చినవాళ్లనూ వదలలేం.

ఇప్పుడు మన మూడో తప్పుకి వద్దాం. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకి మన జట్టు మ్యాచ్ ముందు రోజు చేరింది. ఒక్క ప్రాక్టీసు కూడా లేకుండా చైనాతో ఆడి 1-5తో ఓడింది. ఏ ఆటగాణ్ని తిడదాం?

2025 ఆగస్టులో కొత్త కోచ్ ఖాలిద్ జమీల్ ఇక్కడే, బెంగళూరులో, శిబిరం పెట్టాడు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్లను పంపలేదు. నిబంధన వాళ్ల వైపే ఉంది: ఫీఫా విండో, అంటే దేశ జట్ల మ్యాచ్‌లకి ఫీఫా కేటాయించిన రోజులు, దాని బయట పంపాలన్న బలవంతం లేదు. అప్పట్లో విండో అంటే మామూలుగా సుమారు తొమ్మిది రోజులు, రెండు మ్యాచ్‌లు. సోమవారం చేరి, గురువారం ఒక మ్యాచ్, మంగళవారం ఇంకోటి ఆడితే, కోలుకోవడానికీ ప్రయాణానికీ పోను అందరూ కలిసి చేసే ప్రాక్టీసులు నాలుగైదు మిగులుతాయి. కార్నర్లు, ఫ్రీకిక్కులు ఎవరు ఎక్కడ కాయాలో కుదుర్చుకోవడానికే అవి చాలవు. పైగా ఆ ఏడాది లీగు హక్కుల ఒప్పందం తేలక మన పెద్ద లీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలే కాలేదు. మన బెంగళూరు ఎఫ్‌సీ ఆగస్టులో మొదటి జట్టు జీతాలు ఆపుతున్నట్టు ప్రకటించింది. మ్యాచ్ ఊపు లేని కాళ్లతో, జీతం సంగతి తేలని మనసుతో కుర్రాళ్లు ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లకు వెళ్లారు.

అక్టోబరు 9న సింగపూర్‌లో, 0-1తో వెనకబడ్డప్పుడు, 47వ నిమిషంలో సందేశ్ ఝింగన్‌కి రెండో ఎల్లో కార్డు. డిఫెన్స్‌కి పెద్దదిక్కు అతనే. మిగిలిన మ్యాచ్ పదిమందితో ఆడి, 90వ నిమిషంలో రహీం అలీ గోల్‌తో 1-1 చేశారు. కానీ కార్డు ధర ఆ రాత్రితో తీరదు. 14న మార్‌గావ్‌లో తిరుగు మ్యాచ్‌కి ఝింగన్ లేడు. ఛాంగ్తే గోల్‌తో ముందుకెళ్లి, రెండు గోల్స్ ఇచ్చి, 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ దారి మూసుకున్నాం. ఝింగన్‌ని తిట్టడం తేలిక. ఒక్క డిఫెండర్ లేకపోతే కూలిపోయే వరస ఎందుకుంది అన్నది అసలు ప్రశ్న.

గోల్స్ సంగతి ఇంకా తీవ్రం. 2024 మార్చిలో గువాహటిలో అఫ్ఘానిస్థాన్ చేతిలో 1-2తో ఓడినప్పుడు మన ఒక్క గోల్ సునీల్ ఛెత్రి పెనాల్టీ. అది అతని 150వ మ్యాచ్. జూన్‌లో రిటైరయ్యేనాటికి 94 గోల్స్. 2025లో, 40 ఏళ్లు నిండిన మనిషిని మళ్లీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. మన క్లబ్బుల్లో నడిమి ఫార్వర్డ్ స్థానం ఎక్కువగా విదేశీ ఆటగాళ్లది. మన కుర్రాళ్లు అంచుల్లో ఆడతారు, లేదా చివరి పదిహేను నిమిషాలకి దిగుతారు. గోల్ ముందు సగం క్షణంలో తన్నాలా, ఆపుకోవాలా అన్నది మ్యాచ్‌ల్లోనే వస్తుంది, శిబిరంలో నేర్పేది కాదు.

కాబట్టి ఈసారి జట్టు ప్రకటించగానే, ఫార్వర్డ్‌ల పేర్ల పక్కన ఒక్కొక్కరూ ఆ సీజన్‌లో క్లబ్బుకి ఎన్ని నిమిషాలు ఆడారో, ఏ స్థానంలో ఆడారో రాసుకోండి. శిబిరం ఏ తేదీన మొదలైందో, ఎంతమంది మొదటి రోజే చేరారో చూడండి. ప్రవర్తన గురించి వార్త వస్తే, తప్పు జరిగిన తేదీ, చర్య తీసుకున్న తేదీ, విచారణ చేసిందెవరు, ఆటగాడి మాట విన్నారా లేదా, ఇవి అడగండి. స్టేడియంలో బ్యానర్ కట్టేటప్పుడు ఆటగాడి పేరుతో పాటు, జట్టును మ్యాచ్ ముందు రోజు విమానం ఎక్కించినవాళ్ల హోదా కూడా రాయండి.

నమస్కారం.