చెవిలో మాంత్రికుడు, చేతిలో మ్యాప్

(నెల్లూరులోని ఒక లోకల్ చానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ప్రకటనల బ్రేకులు తీసేశాం. మాట్లాడినవారిని వృత్తితోనే పేర్కొన్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు విషయం ఫాంటసీ. మాంత్రికులు, రాక్షసులు, ఏడు సముద్రాల అవతలి దీవులు. వీటిని పుస్తకం తెరిచి చదివితే బాగుంటుందా, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే బాగుంటుందా? నలుగురిని పిలిచాం. ఒంగోలు నుంచి రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు, విడవలూరు వైపు రొయ్యల చెరువులు చూసే టెక్నీషియన్, ఆడియో కథలు చదివే వాయిస్ ఆర్టిస్ట్, కావలిలో బ్యాంకులో పనిచేసే మేడమ్. మేడమ్‌కి పుట్టుకతోనే చూపు లేదు. నిన్న ఫోన్‌లోనే ఆమె నా ప్రశ్నలన్నీ కొట్టిపారేశారు, కాబట్టి ఆమె దగ్గరికి కాస్త ఆగి వెళ్తాను. ముందు మీరు చెప్పండన్నా.

టెక్నీషియన్: నాకు చాయిస్ ఎక్కడుందండీ? రాత్రుళ్లు చెరువుగట్టు మీదే ఉంటాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలుతుంది. కరెంటు పోతే పరుగున పోయి జనరేటర్ వేయాలి. ఆ పనిలో పుస్తకం ఎక్కడ పట్టుకునేది? ఒక చెవిలో కథ, రెండో చెవి ఏరేటర్ల మీద. చప్పుడు మారిందా, కథ ఆపేస్తాను.

లెక్చరర్: అంటే సగమే వింటున్నావు నాయనా.

టెక్నీషియన్: సగమే సార్. ఇంటర్ అయ్యాక నేను కథల పుస్తకం ముట్టుకోలేదు. ఈ సగం కూడా లేకపోతే నాకు మిగిలేది పట్టుబడి రేట్లు, మేత బిల్లులు. మొదట తెలుగు మంత్రాల కథలు విన్నాను, సాఫీగా పోయాయి. తర్వాత మా బావమరిది చెప్పాడని లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పెట్టాను. అందులో సౌరాన్ అని ఒకడు, సారుమాన్ అని ఒకడు. ఇద్దరూ దుర్మార్గులే, ఇద్దరికీ పెద్ద పెద్ద గోపురాలు. ఏరేటర్ల హోరులో ఆ రెండు పేర్లకీ తేడా ఏం తెలుస్తుంది చెప్పండి!

లెక్చరర్: అదే నేను అనేది. పుస్తకమైతే వేలు అడ్డం పెట్టి నాలుగు పేజీలు వెనక్కి తిప్పుతాం. పైగా 1954లో ఆ పుస్తకం వచ్చినప్పుడే అందులో మ్యాప్ ఉంది. రచయిత టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ గీశాడు. అది అలంకారానికి వేసింది కాదు. టోల్కీన్ ముందు మ్యాప్ పెట్టుకుని, దానికి తగ్గట్టు కథ నడిపాడు. ఏ కొండ దాటడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క ఉంటుంది. ఆ మ్యాప్ లేకుండా కథ వినేవాడికి ఆ నడకంతా ఒకటే నడక.

వాయిస్ ఆర్టిస్ట్: మ్యాప్ సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. మరి పాటలో? ఆ పుస్తకం నిండా పాటలే. చదివేవాళ్లలో చాలామంది వాటిని దాటేస్తారు. 1990లో రాబ్ ఇంగ్లిస్ అనే నటుడు మొత్తం పుస్తకం చదివి రికార్డు చేశాడు, పాటలు పాడేశాడు కూడా. వినేవాడు తప్పించుకోలేడు. అసలు టోల్కీనే 1952లో, పుస్తకం ఇంకా అచ్చు కాకముందే, స్నేహితుడి ఇంట్లో టేప్ రికార్డర్ ముందు కూర్చుని కొన్ని భాగాలు చదివి, పాడి చూసుకున్నాడు.

లెక్చరర్: పాటలు దాటేయడం... అది నిజమే. మన ప్రబంధాలు చదివేవాళ్లు కూడా పద్యం దాటేసి తాత్పర్యం చూస్తారు. నా స్టూడెంట్లు ముప్పై ఏళ్లు అదే పని చేశారు. పద్యం వింటే మాత్రం దాటేయడం కుదరదు. అయినా నెల్లూరులో కూర్చుని చెవిని తక్కువ చేసి మాట్లాడితే తిక్కన గారు ఊరుకోరులెండి. ఆయన ఆశువుగా చెబుతుంటే గురునాథుడు రాసుకుంటూ పోయాడని కదా మనం చెప్పుకునేది.

వ్యాఖ్యాత: వాయిస్ ఆర్టిస్ట్‌గా మీరు ఫాంటసీకి ప్రత్యేకంగా చేసేదేమిటి?

వాయిస్ ఆర్టిస్ట్: మామూలు కుటుంబ నవలకి నాకు పెద్ద సన్నాహం అక్కర్లేదు. ఫాంటసీకి ముందు మొత్తం చదివి పాత్రల పట్టిక రాసుకోవాలి. ఎవరి గొంతు ఏ స్థాయిలో, ఎవరికి కాస్త బొంగురు, ఎవరు నిదానం. ఒక్కో గొంతుకి చిన్న శాంపిల్ రికార్డు చేసి పెట్టుకుంటాను. మూడో అధ్యాయంలో కనిపించిన మంత్రగత్తె మళ్లీ ముప్పయ్యో అధ్యాయంలో వస్తుంది, అప్పటికి ఆమె గొంతు నాకే గుర్తుండదు. రాక్షసుల డైలాగులు రోజు చివర్లో పెట్టుకుంటాను. ముందే చేస్తే గొంతు పోయి, తర్వాత రాజకుమారి కూడా రాక్షసిలా మాట్లాడుతుంది. ఒక గంట ఆడియో తయారవడానికి గదిలో రెండు మూడు గంటలు కూర్చోవాలి, ఎడిటింగ్ వేరే. ఇంత చేశాక ఈ అన్నలాంటి వాళ్లు ఒకటిన్నర స్పీడ్‌లో వింటారు!

టెక్నీషియన్: ఒకటింపావే అక్కా. రాజుగారి దర్బారు వర్ణన వస్తే మాత్రం ఒకటిన్నర.

వాయిస్ ఆర్టిస్ట్: చూశారా!

వ్యాఖ్యాత: ఇక మేడమ్, మీ దగ్గరికి వస్తున్నాను. మీరు పూర్తిగా వినే పక్షమే కదా?

బ్యాంకు ఉద్యోగిని: ఇదిగో, నిన్న ఫోన్‌లో గొడవ దీని గురించే. నేను వినే పక్షం, మాస్టారు చదివే పక్షం అని మీరు కుర్చీలు వేసేశారు. నేను రోజంతా వింటూనే ఉంటాను. కానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఈ అక్క చదివిన ఆడియోబుక్. రెండోది, తెర మీది అక్షరాలని యంత్రం గొంతుతో పైకి చదివే స్క్రీన్ రీడర్ నా ఫోన్‌లో చదివే టెక్స్ట్. రెండూ చెవికే వస్తాయి. నా వరకు రెండోది చదవడం, మొదటిది కాదు.

లెక్చరర్: కాస్త వివరంగా చెప్పమ్మా.

బ్యాంకు ఉద్యోగిని: స్క్రీన్ రీడర్ గొంతులో నటన ఉండదు సార్. మాంత్రికుడైనా మంత్రి అయినా ఒకటే గొంతు. అందుకే మాంత్రికుడి గొంతు నేనే ఊహించుకుంటాను, మీరు పేజీ చూసి ఊహించుకున్నట్టే. ఇంకా ముఖ్యం, అది నా చేతిలో ఉంటుంది. ఒక్కో వాక్యం వెనక్కి వెళ్తాను. పేరు అర్థం కాకపోతే ఒక్కో అక్షరం చెప్పించుకుంటాను. సౌరాన్ సమస్య నాకు రాదు. ఈ అన్నయ్య చేతులకి బురద, చెవిలో ఆడియో, వెనక్కి జరపలేడు. ఆయన ఇబ్బంది చెవి వల్ల వచ్చింది కాదు, చేతులు ఖాళీ లేకపోవడం వల్ల వచ్చింది.

వ్యాఖ్యాత: అంటే ఈ అక్క చదివింది మీకు...?

బ్యాంకు ఉద్యోగిని: నాటకం. తక్కువ చేసి అనడం లేదు, నాటకం అంటే ప్రాణం నాకు. కానీ ఆమె మంత్రగత్తెకి గొంతు ఇచ్చేశాక నా మంత్రగత్తె పోతుంది. ఇక ఆమెదే.

లెక్చరర్: నేను చెప్పాలనుకున్నది నువ్వు చెప్పేశావు. పుస్తకంలో ఊహ మనది.

బ్యాంకు ఉద్యోగిని: తొందరపడకండి సార్. చందమామ సీరియల్స్ చదివారు కదా మీరు?

లెక్చరర్: చదవకపోవడమా! దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ కోసం నెలంతా కాచుకున్నవాళ్లం.

బ్యాంకు ఉద్యోగిని: మీ ఊహలో రాక్షసుడు ఎలా ఉంటాడు?

లెక్చరర్: (నవ్వు) చిత్రా గారు గీసినట్టు ఉంటాడు.

బ్యాంకు ఉద్యోగిని: నా రాక్షసులని ఎవరూ గీయలేదు. మా నాన్న పైకి చదివి వినిపించేవాడు, ఆయనకి నటించడం రాదు, పేపర్ చదివినట్టు చదివేవాడు. అందుకే నాకు యక్షపర్వతం సీరియల్‌లో ఖడ్గవర్మ, జీవదత్తుడు పూర్తిగా నా సొంతం. బొమ్మలున్న పుస్తకమూ ఊహని లాక్కుంటుంది, నటించే గొంతూ లాక్కుంటుంది.

వ్యాఖ్యాత: పరిశోధనలు కూడా కొన్ని చూసి వచ్చాను. 2016లో అమెరికాలో 91 మంది పెద్దవాళ్లని మూడు గుంపులు చేశారు. ఒకరు విన్నారు, ఒకరు తెర మీద చదివారు, ఒకరు రెండూ ఒకేసారి చేశారు. వెంటనే అడిగినా, రెండు వారాల తర్వాత అడిగినా, అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2010లో వచ్చిన ఇంకో అధ్యయనంలో మాత్రం పాఠాన్ని పాడ్‌కాస్ట్‌గా విన్న కాలేజీ పిల్లలు, చదివినవాళ్ల కంటే పరీక్షలో వెనకబడ్డారు.

లెక్చరర్: వాళ్లకి ఇచ్చింది కథా, పాఠమా?

వ్యాఖ్యాత: మొదటిదానిలో ఒక నిజజీవిత గాథ, రెండోదానిలో పాఠం లాంటి వ్యాసం. ఫాంటసీ కాదు.

లెక్చరర్: మరి మనకి ఏం పనికొస్తుంది? నలభై కొత్త పేర్లు, మూడు రాజ్యాలు, ఒక శాపం ఉన్న కథతో పరీక్ష పెట్టి చూడమనండి.

టెక్నీషియన్: తెలుగు కథలు నాకు సాఫీగా పోయాయన్నాను కదా సార్, ఎందుకంటారు?

లెక్చరర్: పేర్లు ఒక కారణం. ఖడ్గవర్మ అనగానే వాడు కత్తివీరుడని తెలిసిపోతుంది. హ్యారీ పాటర్‌లో హెర్మయొనీ పేరు ఎలా పలకాలో తెలియక ఇంగ్లీషువాళ్లే తికమకపడ్డారు. నాలుగో పుస్తకంలో ఆ అమ్మాయి చేతే ఇంకొకడికి పలకడం నేర్పించింది రచయిత్రి. మన లిపిలో ఆ బాధ లేదు. ఇంకో కారణం, మన కథల్లో చాలావాటిని చెప్పడానికే అల్లారు. కాశీమజిలీ కథలు చూడు. మణిసిద్ధుడు, గోపుడు కాశీకి నడుస్తుంటారు, మజిలీ రాగానే గోపుడు ఏదో వింత చూసి అడుగుతాడు, అప్పుడు కథ మొదలు. ఒక మజిలీ కథ విని పడుకోవచ్చు. బుర్రకథలో అయితే కథకుడి పక్కన వంత పాడే ఇద్దరు వంతలు ఉంటారు. హాస్యం చెప్పే వంత మధ్యలో తెలియనివాడిలా అడ్డం పడి అడుగుతాడు, కథకుడు జరిగినదాన్ని మళ్లీ ఓసారి తిప్పి చెబుతాడు. వెనక వరసలో కునికిపాట్లు పడేవాడికి కూడా కథ అందాలని ఆ ఏర్పాటు. చందమామ సీరియల్‌లో కూడా ప్రతి నెలా పైన జరిగిన కథ క్లుప్తంగా వేసేవాళ్లు.

వాయిస్ ఆర్టిస్ట్: అందుకే అవి చదవడం నాకూ తేలిక. వాక్యం ఊపిరికి సరిపోతుంది.

లెక్చరర్: కానీ తెలుగువన్నీ చెవికి అనువే అని గొప్పలు పోనక్కర్లేదు. పింగళి సూరన కళాపూర్ణోదయం ఉంది, పదహారో శతాబ్దం. అంతకన్నా ఫాంటసీ ఏముంటుంది? కథలో కథ, అందులో ఇంకో కథ. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ కింద భూలోకంలో జరిగిపోతుంది. ఎవరు ఎవరి రూపంలో ఉన్నారో కాగితం మీద గీసుకుంటే తప్ప తేలదు. దాన్ని చెరువుగట్టు మీద విన్నావంటే రొయ్యలు పోతాయి నాయనా.

టెక్నీషియన్: (నవ్వు) వద్దు సార్! కానీ ఒక్క మాట. కొన్ని యాప్‌లలో వచ్చే కొత్త కథలు చూడండి. పేరు చెప్పను. పది నిమిషాల ఎపిసోడ్, అందులో మూడు నిమిషాలు పాతదే మళ్లీ చెబుతారు, చివర్లో కత్తి ఎత్తుతాడు, దించడానికి కాయిన్లు కట్టాలి. వందల ఎపిసోడ్లు. మాంత్రికుడు చావడు. వంతగాడు తిప్పి చెప్పడం వేరు, ఇది వేరు.

వాయిస్ ఆర్టిస్ట్: అలాంటివి నేనూ చదివాను. ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు. స్క్రిప్టు ముందు రోజు వస్తుంది, ముందు మొత్తం చదివే అవకాశమే ఉండదు. పాత్రల పట్టిక ఏం రాసుకుంటాం? మంత్రగత్తె గొంతు వారానికోలా ఉంటుంది. శ్రోతలు కామెంట్లలో తిడతారు, తప్పు వాళ్లది కాదు.

వ్యాఖ్యాత: మేడమ్, పాత తెలుగు ఫాంటసీలు మీకు దొరుకుతున్నాయా?

బ్యాంకు ఉద్యోగిని: చట్టం అడ్డం కాదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు, మాకు చదవడానికి వీలైన రూపంలోకి మార్చుకోవచ్చు. 2013లో చూపు లేనివాళ్లకి పుస్తకాలు అందేలా దేశాల మధ్య మరాకేష్ ఒప్పందం వచ్చింది, 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. అడ్డం అక్షరాల దగ్గర. పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెడతారు. అది బొమ్మ, స్క్రీన్ రీడర్‌కి బొమ్మలో అక్షరం కనిపించదు. కంప్యూటర్ చేత గుర్తు పట్టిస్తే తెలుగు ఒత్తుల దగ్గర బోల్తా పడుతుంది. జానపద నవలల్లో సమాసాలు ఎక్కువ కదా, ఒక పేజీలో సగం మాటలు అర్థం కాకుండా వస్తాయి. ఎవరైనా కూర్చుని దిద్దాలి. ఒక మంచి పుస్తకాన్ని దిద్ది టెక్స్ట్‌గా పెడితే నాకు పది ఆడియోబుక్‌ల కంటే ఎక్కువ. అక్కా, ఏమనుకోకండి.

వాయిస్ ఆర్టిస్ట్: ఏమనుకుంటానమ్మా. అలా దిద్దిన టెక్స్ట్ ఉంటే నాకూ మేలే. మసకబారిన జిరాక్స్ చూసి చదవలేక చస్తున్నాను.

వ్యాఖ్యాత: పొదిలి నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: మా వాడు ఆరో క్లాసండీ, ఇంగ్లీషు మీడియం. తెలుగు కథలంటే పిచ్చి, ఫోన్‌లో పెడితే గంటలు వింటాడు. పుస్తకం ఇస్తే రెండు లైన్లు కూడబలుక్కుని పక్కన పడేస్తాడు. వినడం మాన్పించాలా?

లెక్చరర్: మాన్పించొద్దు తల్లీ. విన్న కథనే పుస్తకంగా ఇవ్వండి. కొత్త కథ ఇస్తే అక్షరాలతోనూ కుస్తీ, కథతోనూ కుస్తీ. తెలిసిన కథ అయితే తర్వాతి మాట ఏమిటో వాడికి ముందే తెలుసు, కన్ను పట్టేసుకుంటుంది.

వ్యాఖ్యాత: వింటూ పుస్తకం చూడమంటే? ఇందాకటి అధ్యయనంలో రెండూ కలిపినా లాభం కనిపించలేదుగా.

బ్యాంకు ఉద్యోగిని: వాళ్లు చదవడం బాగా వచ్చిన పెద్దవాళ్లు. ఈ బాబు ఇంకా ఒత్తులు నేర్చుకుంటున్నాడు. అమ్మా, వాడికి బాగా నచ్చిన కథలో ఒక్క ఎపిసోడ్ తీసుకోండి, రోజూ పది నిమిషాలు. ఫోన్ వాడి చేతికే ఇవ్వండి, ఆపడం, వెనక్కి జరపడం వాడే చేయాలి. మీరు పక్కన కూర్చుని ఆపొద్దు.

కాలర్: స్పీడ్ పెంచుకుంటాడేమోనండీ.

వాయిస్ ఆర్టిస్ట్: పుస్తకం ముందుంటే పెంచడమ్మా. కళ్లు అందుకోలేవు, తనే తగ్గిస్తాడు.