ఉమ్మి పంపితే వచ్చిన జీన్ రిపోర్ట్: ఏ పేజీకి ఎంత విలువ?

నమస్తే అండి. టేబుల్ మీద ఉన్నది ఇంటికే వచ్చే డీఎన్ఏ టెస్ట్ కిట్. కంపెనీ పేరు కనపడకుండా స్టిక్కర్ వేశాను. ఇలాంటి కిట్లు చాలావరకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి, మంచీ చెడూ ఒక్కళ్ళ ఖాతాలో వేయడం ఇష్టం లేదు.

డబ్బాలో ఒక ట్యూబ్, దానికో గరాటు, మూతలో కాస్త ద్రవం. తినీ తాగీ అరగంట అయ్యాక ఉమ్మాలి. ఇదిగో, ఈ నల్ల గీత కనిపిస్తోందా? ఉమ్మి ఇక్కడిదాకా రావాలి, పైన తేలే నురగ లెక్కలోకి రాదు. సగానికే నోరెండిపోతుంది. చెంపలు రుద్దుకోండి, చింతకాయ తలుచుకోండి. మూత బిగిస్తే ఆ ద్రవం కిందికి దిగి కలుస్తుంది. కొరియర్‌లో డీఎన్ఏ పాడవకుండా చూసేది అదే. ప్యాకింగ్‌కి మాత్రం వంక పెట్టలేం.

ఇక రిపోర్ట్. మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, దాదాపు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ఈ ధరకి అవన్నీ ఎవరూ చదవరు. చిప్ మీద ముందే ఎంచి పెట్టుకున్న కొన్ని లక్షల చోట్ల మాత్రమే చూస్తారు. ఈ ముక్క బుర్రలో పెట్టుకుని మిగతా వీడియో చూడండి.

మొదట పూర్వీకుల పేజీలు. నాది దక్షిణాసియా అని తేల్చారు. థాంక్స్ అండి, డబ్బు కట్టి మరీ తెలుసుకున్నాను! తర్వాత డైట్, నిద్ర, ఆఖరికి "నాయకత్వ లక్షణాలు" కూడా. స్క్రోల్ చేసేస్తున్నా. లెక్కలేనన్ని జీన్లూ, తిండీ, పెంపకం కలిస్తే తేలే విషయాన్ని నాలుగైదు అక్షరాలు చూసి చెప్పేస్తే అది చిలక జోస్యమే.

ఇదిగో, పనికొచ్చే పేజీ. మందులు. సీవైపీ2సీ19 అని ఉంది చూడండి. స్టెంట్ వేశాక చాలామందికి రాసే క్లోపిడోగ్రెల్ అనే మాత్ర మింగినప్పుడు దానికి పని చేసే శక్తి ఉండదు. లివర్‌లో ఈ జీన్ తయారుచేసే ఎంజైమే దాన్ని పనిలోకి దింపాలి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ పాడైతే మాత్ర వేసుకున్నా రక్తం గడ్డకట్టకుండా ఆపే బలం తగ్గిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే ఆ మందు మీద దీని గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది. నాకు ఒక కాపీ బాగుంది, ఒకటి పాడు. మనవాళ్ళలో ఇది మామూలే. మీ రిపోర్ట్‌లో ఇలా వస్తే డాక్టర్‌కి చూపించండి, వేరే మందులున్నాయి. సొంతంగా మాత్ర ఆపితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన పేజీ. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పుతో ముడిపడ్డ బీఆర్‌సీఏ జీన్లు, పక్కన పచ్చ టిక్కు, "ఏమీ కనబడలేదు". ఎన్ని చోట్ల వెతికితే? 2018లో అమెరికాలో ఇంటి కిట్‌కి అనుమతి వచ్చింది మూడంటే మూడు మార్పులకి, అవీ ఎక్కువగా అష్కెనాజీ (ఐరోపా మూలాలున్న) యూదుల్లో కనిపించేవి. ఈ జీన్లలో ప్రమాదకరమైన మార్పులు వేలల్లో ఉన్నాయి. మీ అమ్మకో పిన్నికో రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే ఈ టిక్కు చూసి స్థిమితపడకండి. జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళి, ఆ జీన్లు మొత్తం చదివించుకోండి.

మనకి కావాల్సినవేమో ఇందులో లేవు. బీసీహెచ్ఈ అనే జీన్ ఊసే లేదు. ఆర్యవైశ్య కుటుంబాల వాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే స్కోలిన్ మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఈ జీన్‌లో తేడా ఉన్నవాళ్ళకి గంటలు పడుతుంది, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. తరతరాలుగా మనలో మనమే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఆ మార్పు అక్కడ పోగుపడింది. దీనికి జీన్ టెస్టే అక్కర్లేదు, సూడోకోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష చాలు. మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇంకోటి ఎంవైబీపీసీ3 అనే జీన్. ఇందులో 25 అక్షరాల ముక్క ఎగిరిపోతే గుండె కండరం జబ్బు ముప్పు పెరుగుతుందని 2009లో చెప్పిన పరిశోధనలో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ ముఖ్యులు. దక్షిణాసియాలో సుమారు నూటికి నలుగురిలో ఉందట! నా రిపోర్ట్‌లో దానికి ఒక్క లైన్ లేదు. ఈ లోటు తీరాలంటే మన డేటా పెరగాలి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది డేటాను 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చింది, కిట్లలోకి అది ఎప్పుడు దిగుతుందో చూద్దాం.

కొనొచ్చా అంటే, మందుల పేజీ కోసమే అయితే కొనకండి. డాక్టర్ రాస్తే ల్యాబ్‌లో ఆ ఒక్క జీన్ టెస్ట్ చేయించుకోవచ్చు. సరదాకైతే మీ ఇష్టం.

కొంటే మాత్రం ఒక సెట్టింగ్ చూపిస్తా. "బంధువులను కనుక్కోండి" అని ఉంది కదా, ఆఫ్ చేసేయండి. 2023లో 23అండ్‌మీ అనే అమెరికా కిట్ కంపెనీలో హ్యాకర్లు చొరబడింది సుమారు 14,000 అకౌంట్లలోకే, కానీ ఇలాంటి ఫీచర్ దారినే 69 లక్షల మంది వివరాలు లాగారు. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, డీఎన్ఏ మార్చుకోలేం, పైగా అందులో సగం మీ పిల్లలది కూడా. దీని కిందే "శాంపిల్ పారేయండి" అని చిన్న అక్షరాల్లో ఇంకో బటన్ ఉంది. అకౌంట్ డిలీట్ చేసినంత మాత్రాన ట్యూబ్ పోదు, దాన్ని విడిగా నొక్కాలి.