చిల్లు కీనా, జూలియస్ చాన్

అందరికీ నమస్కారం.

మన ఇళ్లలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఎక్కడో ఒక చిల్లుకానీ దొరుకుతుంది. ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినీ దేశంలో ఒక కీనా నాణేనికీ అలాగే నడిమధ్య చిల్లు ఉంటుంది. కీనా అంటే అక్కడి ముత్యపు చిప్ప. డబ్బుకి డబ్బు, మెడలో వేసుకుంటే నగ, పెళ్లప్పుడు ఆడపిల్ల వాళ్లకిచ్చే ఓలి, అన్నీ ఆ చిప్పే. ఆ పేరుతో కొత్త నాణెం 1975 ఏప్రిల్ 19న చలామణీలోకి వచ్చింది. సెప్టెంబర్ 16న ఆస్ట్రేలియా నుంచి స్వాతంత్ర్యం. అంటే జెండా కంటే ముందు డబ్బు వచ్చిందన్నమాట. అప్పటి ఆర్థిక మంత్రికి 35 ఏళ్లు. పేరు జూలియస్ చాన్. ఈ పూట చెప్పబోయేది ఆయన గురించే.

1939లో, ఆ దేశంలోదే అయిన న్యూ ఐర్లండ్ అనే దీవి తీరానికి దగ్గర్లోని టంగా దీవుల్లో పుట్టారు. తండ్రి చైనా నుంచి వచ్చిన వర్తకుడు, తల్లి స్థానిక మెలనేసియన్ స్త్రీ. ఆస్ట్రేలియా పాలన నడిచే రోజుల్లో ఇలాంటి పిల్లవాడు తెల్లవాళ్లకీ కాడు, ఊరివాళ్లకీ పూర్తిగా కాడు. బ్రిస్బేన్‌లో చదువుకున్నారు. డిగ్రీ పూర్తి కాలేదు. తిరిగొచ్చి సహకార శాఖలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఇంటివాళ్ల సరుకు పడవల వ్యాపారం చూసుకున్నారు. దీవి నుంచి దీవికి బియ్యం, కిరోసిన్ చేరవేయడం, వచ్చేటప్పుడు ఎండు కొబ్బరి నింపుకు రావడం, అక్కడి తీర వ్యాపారం అలా నడుస్తుంది. ఖాళీ పడవ వెనక్కి వస్తే నష్టమని చిన్నప్పుడే తెలిసిన మనిషి. ఆయన రాజకీయమంతా నాకు ఈ పడవ లెక్కలోనే కనిపిస్తుంది.

1968లో న్యూ ఐర్లండ్‌లోని నమతనాయ్ నుంచి చట్టసభకు గెలిచారు. పీపుల్స్ ప్రోగ్రెస్ పార్టీని నడిపారు. తర్వాత దేశానికి తొలి ప్రధాని అయిన మైకేల్ సొమారె ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. అప్పుడు పెట్టుకున్న పట్టు ఒక్కటే, కీనా విలువ పడిపోకూడదు. ఎందుకంటే ఆ దేశం బియ్యం దగ్గర్నుంచి మేకుల దాకా బయటి నుంచే తెచ్చుకుంటుంది. డబ్బు బలహీనపడితే ఊళ్లో కొట్టు ధర మర్నాడే పెరుగుతుంది. కొట్టు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

1978లో సొమారెతో తెగతెంపులు. 1980 మార్చిలో అవిశ్వాస తీర్మానంతో ఆయన్ని దించి, నలభై ఏళ్లకే ప్రధాని. ఆ ఏడాదే పొరుగున కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన వనువాటులో తిరుగుబాటు లేస్తే, అక్కడి ప్రభుత్వానికి సాయంగా తన సైన్యాన్ని పంపారు. పని త్వరగానే తేలింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. 1982 ఎన్నికల తర్వాత సొమారె మళ్లీ గద్దెనెక్కారు.

రెండోసారి ప్రధాని అయ్యేసరికి 1994 ఆగస్టు. ఖజానాలో విదేశీ మారకం దాదాపు అడుగంటింది. ఒకప్పుడు పట్టుబట్టి కాపాడిన కీనా విలువను ఆయనే సెప్టెంబర్‌లో తగ్గించారు, అక్టోబర్‌లో మార్కెట్‌కి వదిలేశారు. బాధపడ్డారో లేదో గానీ, వెనకాడలేదు. ఆ విషయంలో నేను ఆయన్ని మెచ్చుకుంటాను. అమ్ముడుపోని సరుకుని పాత ధరకే పట్టుకు కూర్చునే వర్తకుడు నిలబడడు.

అసలు తలనొప్పి ఆ దేశంలోదే అయిన బూగన్‌విల్ దీవి. అక్కడ పంగునా రాగి గని దేశానికి పాడి ఆవు లాంటిది. భూమి పోయింది, ఏరు విషమైంది, మాకు దక్కింది చిల్లరేనని స్థానికులు తిరగబడితే 1989లో గని మూతపడింది. యుద్ధం మొదలైంది. చాన్ ముందు శాంతి చర్చలు పెట్టారు. కుదరలేదు. 1996లో సైన్యాన్ని పంపారు. అదీ కుదరలేదు.

అప్పుడు చేసిన పని ఇది. 1997 జనవరి చివర లండన్‌లోని శాండ్‌లైన్ అనే కంపెనీతో 3.6 కోట్ల అమెరికా డాలర్లకు ఒప్పందం. కిరాయి సైనికులు, హెలికాప్టర్లు, ఆయుధాలు, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. సగం సొమ్ము ముందే చెల్లించారు. ఎవరూ అమ్మని ఆయుధాలు వీళ్లు అమ్ముతున్నారు, మనకి అవసరం ఉంది, కొంటే తప్పేంటన్నది ఆయన వాదన. కొట్టు గల్లా దగ్గర నిలబడి చూస్తే అందులో తప్పు కనబడదు మరి! కానీ జీతాలు, బూట్లు కూడా సరిగ్గా అందని సొంత సైనికులకు, పరాయి వాళ్లకి పోసిన ఆ కోట్లు ఎలా కనబడి ఉంటాయి? 1980లో తన మాట మీద సముద్రం దాటి వెళ్లిన సైన్యం కదా అది.

మార్చి 16 రాత్రి సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ మనుషులు ఆ కిరాయి సైనికులను పట్టుకున్నారు. ఆ చర్యకి పెట్టుకున్న పేరు 'రౌసిం క్విక్'. వాళ్ల టోక్ పిసిన్ భాషలో 'వెంటనే తరిమెయ్' అని. మర్నాడు సింగిరోక్ రేడియోలో మాట్లాడి ప్రధాని రాజీనామా చేయాలన్నారు. చాన్ ఆయన్ని పదవిలోంచి తీసేశారు, అయినా సైనికులు కదల్లేదు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో జనం, సైనికులు కలిసి పార్లమెంటును చుట్టుముట్టారు. లోపల ఓట్లలో చాన్ నెగ్గారు. బయట మాత్రం నెగ్గలేదు. మార్చి 26న, ఆ ఒప్పందంపై విచారణ తేలేదాకా పక్కకు తప్పుకున్నారు. ఆ విచారణ ఆయన్ని తప్పుపట్టలేదు గానీ, జూన్ ఎన్నికల్లో నమతనాయ్ ఓటర్లు ఇంటికి పంపారు.

ఇంకో ముచ్చట. శాండ్‌లైన్ చేయని యుద్ధానికి కూడా బిల్లు వచ్చింది. మిగిలిన 1.8 కోట్ల డాలర్లూ కట్టాల్సిందేనని 1998లో అంతర్జాతీయ మధ్యవర్తులు తీర్పిచ్చారు.

పదేళ్లు పదవి లేకుండా ఉండి, 2007లో 68 ఏటికి దగ్గరపడుతూ, న్యూ ఐర్లండ్ గవర్నరుగా తిరిగి వచ్చారు. ఆ రాష్ట్రంలోనే లిహిర్ బంగారు గని ఉంది. బూగన్‌విల్‌లో జరిగింది చూశారు కాబట్టేనేమో, నేల కింద ఉన్నది నేల మీద ఉన్నవాళ్లదేనని ప్రతి వేదిక మీదా కొట్లాడారు. నేననేది, ఇరవై ఏళ్ల కిందట పంగునా వాళ్లు అడిగింది కూడా అదే కదా! ప్రధాని కుర్చీలో ఉన్నప్పుడు ఆ మాట ఆయన చెవికి అంత గట్టిగా ఎక్కలేదు.

గవర్నరుగా ముసలివాళ్లకీ వికలాంగులకీ రాష్ట్ర నిధుల నుంచి పింఛను పెట్టారు. మనకి ఇది మామూలు విషయం. అక్కడ మాత్రం దేశం మొత్తానికి అలాంటిది లేని రోజులవి. 2012, 2017, 2022, వరసగా గెలిపిస్తూనే ఉన్నారు. 2025 జనవరి 30న, 85 ఏళ్ల వయసులో, గవర్నరుగా ఉండగానే పోయారు. కీనాకి యాభై ఏళ్లు నిండడానికి అప్పటికి మూడు నెలలు కూడా లేదు.

కిరాయి సైన్యం గురించి ఎవరో చెయ్యెత్తుతున్నారు. అడగండి.