ఫుడ్ బ్యాంకుకు ఏమి ఇవ్వాలి? – శ్రోతల ప్రశ్నలు, నిపుణుడి సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. దాతల నుంచి ఆహారం సేకరించి పేదలకు పంచే ఫుడ్ బ్యాంకులకు ఎటువంటి సరుకులు ఇవ్వాలో తెలియజేయడానికి, ఆహార భద్రతాధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నిపుణుడు ఈ రోజు విజయవాడలోని మన స్టూడియోకు వచ్చారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెబుతాను. దానం అనగానే మనవాళ్ళు బియ్యం బస్తా ఎత్తుకొస్తారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డు ఉన్న పేద కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అందుతుంది. మన దగ్గర అది ప్రధానంగా బియ్యమే. అందువల్ల చాలా ఇళ్ళలో అన్నం ఉంటుంది గాని, అన్నంలోకి ఏమీ ఉండదు. కందిపప్పు, నూనె, చింతపండు, కారం, ఉప్పు ఇవ్వండి. కార్డు లేని వలస కూలీలకు మాత్రం బియ్యం, గోధుమపిండి అవసరమే.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ గుడివాడ నుంచి.

శ్రోత (గుడివాడ): బాబూ, నమస్కారం. మాకు మూడెకరాల చేను ఉంది. పిల్లలిద్దరూ హైదరాబాదులో ఉంటున్నారు, ఇక్కడ తినేది మేమిద్దరమే. మా ఆయనకు షుగరు కావడం వల్ల ఒక పూట జొన్నరొట్టె తింటారు. అందుచేత పాత బియ్యం 25 కిలోల బస్తా ఒకటి అలాగే మిగిలిపోయింది. పురుగు పట్టలేదు, బోరిక్ పొడి కలిపి ఉంచాను. దానితో పాటు ఈ ఏడాది పెట్టిన ఆవకాయ రెండు జాడీలు కూడా ఇద్దామనుకుంటున్నాను.

నిపుణుడు: అమ్మా, బోరిక్ పొడి కలిపిన బియ్యం దయచేసి పంపకండి. ఆహారంలో కలపడానికి దానిని మన నిబంధనలు అనుమతించవు.

శ్రోత: రెండు మూడు సార్లు కడిగితే పోతుంది కదా బాబూ? మా అత్తగారి కాలం నుంచీ అలాగే చేస్తున్నాము.

నిపుణుడు: మీరు కలిపారు కనుక మీకు తెలుసు, మూడు సార్లు కడుగుతారు. ఆ బస్తా మూడు చేతులు మారి ఎవరి వంటగదికి చేరుతుందో, వారికి ఆ సంగతి తెలియదు. వీధి కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టుకుని దానితోనే రోజంతా గడపవలసిన ఇల్లాలు ఒక్కసారి కడిగి ఎసట్లో పోస్తుంది. ఇకమీదట ఎండబెట్టిన వేపాకు వేయండి, ఎండుమిరపకాయలు వేయండి. ధాన్యంలో ఉంచే పురుగుమందు బిళ్ళలను మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. వాటి నుంచి వెలువడే వాయువుకు ప్రాణాలు పోతాయి.

శ్రోత: సరే బాబూ. మరి ఆవకాయ తీసుకుంటారు కదా?

నిపుణుడు: తీసుకోరమ్మా. ఇంట్లో పెట్టిన పచ్చడికి తేదీ ఉండదు, ఎవరు చేశారో తెలిపే చీటీ ఉండదు. రేపు ఎవరికైనా కడుపునొప్పి వస్తే కారణం వెతకడం ఎవరి వల్లా కాదు.

శ్రోత: మా ఆవకాయకు అటువంటిదేమీ రాదు. పైన మూడు వేళ్ళ ఎత్తున పప్పునూనె తేలుతూ ఉంటుంది, తడి చెయ్యి తగలనివ్వను.

నిపుణుడు: మీ ఆవకాయ మీద నాకు సందేహం లేదు. మీ వీధిలో మీరు ఎరిగిన ఇంటికి ఇవ్వండి, సంతోషంగా తింటారు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తదుపరి శ్రోత తెనాలి నుంచి.

శ్రోత (తెనాలి): సార్, వచ్చే వారం మా చెల్లెలి పెళ్ళి. భోజనాలు మిగిలితే ఇవ్వవచ్చునా?

నిపుణుడు: మిగిలిన తరువాత కాదు, ఈ రోజే ఫుడ్ బ్యాంకుకు ఫోన్ చేసి వారు ఎన్ని గంటలకు వస్తారో కనుక్కోండి. మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి 2019లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. విస్తళ్ళలో వడ్డించినది పనికిరాదు. గిన్నెలో చెయ్యి పడనిదే ఇవ్వాలి. వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీలకు లోపల ఉండాలి; ఆ రెంటి నడుమ గంటల తరబడి ఉన్న వంటకంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముందుగా చెడేవి కొబ్బరి పచ్చడి, పెరుగన్నం. చింతపండు పులిహోర కాస్త ఆగుతుంది. సాంబారు మాత్రం మూత బిగించి…

వ్యాఖ్యాత: లైన్ తెగిపోయింది సార్. మంగళగిరి నుంచి మరొకరు ఉన్నారు.

శ్రోత (మంగళగిరి): సార్, పసిపిల్లల పాలపొడి డబ్బాలు నాలుగు ఉన్నాయి. సీలు కూడా తీయలేదు.

నిపుణుడు: ఇవ్వకూడదమ్మా. పాలసీసాలు, పసిపిల్లల పాలపొడి అనాథాశ్రమాలకు తప్ప ఇతరులకు దానంగా పంచడాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది. శుభ్రమైన నీరు లేని చోట ఆ పొడి కలిపితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. బాలింతకు పప్పు, వేరుశనగపప్పు, బెల్లం ఇవ్వండి.

శ్రోత (విజయవాడ): సార్, మా దుకాణంలో బిస్కెట్లు ఉన్నాయి, తేదీ ఇంకా నాలుగు రోజులు ఉంది. వరదలప్పుడు కూడా ఇచ్చాము.

నిపుణుడు: నాలుగు రోజులలో అవి ఎవరి చేతికి చేరుతాయి? కనీసం నెల రోజుల గడువు ఉన్నవి ఇవ్వండి. ‘బెస్ట్ బిఫోర్’ అన్నది రుచికి, నాణ్యతకు సంబంధించిన తేదీ. ‘ఎక్స్‌పైరీ’ దాటితే ఇక తినకూడదు. మీ అలమరా ఖాళీ చేసుకోవడానికి ఫుడ్ బ్యాంకు పెట్టలేదండి. వరదల మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్‌నగర్ మునిగినప్పుడు, డాబాల మీద చిక్కుకున్న వారికి పొయ్యి లేదు, తాగే నీరు లేదు. అప్పుడు బిస్కెట్లు, నీళ్ళ సీసాలు ప్రాణం నిలిపాయి. బియ్యం బస్తా ఎవరికీ అక్కరకు రాలేదు. మామూలు రోజులలో మాత్రం బిస్కెట్ల కన్నా పప్పు మేలు.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. చివరి ఫోన్… గుడివాడ నుంచి అమ్మగారే మళ్ళీ చేశారు.

శ్రోత (గుడివాడ): బాబూ, ఒక్క చిన్న జాడీ అయినా తీసుకోరా?

నిపుణుడు: (నవ్వుతూ) తీసుకోరమ్మా. కందిపప్పు పంపండి.

శ్రోత: మా చేలో పండినవే, తిరగలిలో విసిరి పొట్లాలు కట్టి పంపనా?

నిపుణుడు: విడిగా వద్దు. వాటిని మళ్ళీ తూచి కట్టడానికి అక్కడ మనుషులు లేరు. దుకాణంలో సీలు వేసిన కిలో ప్యాకెట్లు పది కొనండి. నూనె ప్యాకెట్లు కూడా పంపేటట్లయితే వేరే సంచిలో పెట్టండి, కారితే పప్పు పాడవుతుంది.

శ్రోత: అలాగే. ఆవకాయ మా పక్కింటి వాళ్ళకిస్తాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సార్. శ్రోతలకు నమస్కారం.