బస్సు బ్రేకు కొడితే మనల్ని నూకింది ఎవరు?

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలుంటే కాసేపు రేడియో దగ్గరికి పిలవండి. ఫిజిక్స్ పేరు చెప్పగానే టెన్షన్ పడేవాళ్లుంటే వాళ్లను ముందు పిలవండి. ఇవాళ బలం, చలనం గురించి మాట్లాడుకుందాం. సూత్రాలు తక్కువ, సిటీ బస్సులు ఆటోలు ఎక్కువ.

మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ పోయే బస్సు అనుకోండి. ఆఫీసుల వేళ. సీటు సంగతి దేవుడెరుగు, పైన కడ్డీ చేతికి అందితే అదే పదివేలు. కండక్టరమ్మ "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అంటూనే ఉంది. ఇంతలో ఎవరో బైకు మీద అడ్డం వచ్చాడు, డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకు పడ్డారు. "ఏందన్నా, గట్ల నూకుతవ్?" అని ముందాయన గరమయ్యాడు. "నేనేడ నూకిన? బ్రేకు కొట్టిండు కదా!" అని వెనకాయన.

ఇప్పుడు చెప్పండి, వెనకాయన్ని ముందుకు నూకింది ఎవరు? క్లాసులో అడిగితే మూడు జవాబులు వస్తాయి. బ్రేకు అంటారు కొందరు. బస్సు అంటారు ఇంకొందరు. బాగా చదివే పిల్లలు "జడత్వ బలం" అంటారు. మూడూ తప్పే. ఆయన్ని ముందుకు ఎవరూ నూకలేదు. బ్రేకు పడేదాకా బస్సు గంటకు 40 కిలోమీటర్ల వడితో పోతోంది, లోపలున్న ఆయనా అదే వడితో పోతున్నాడు. బ్రేకు పట్టింది చక్రాన్ని. చక్రాన్ని, దాంతోపాటు బస్సును, వెనక్కి లాగింది రోడ్డు. ఆయన చెప్పుల్ని వెనక్కి లాగింది బస్సు నేల. కాళ్లు ఆగాయి. నడుము పైభాగాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు, కాబట్టి అది తన 40 కిలోమీటర్ల వడితోనే పోయింది. ముందాయన వీపు తగిలాక ఆగింది. కడ్డీ పట్టుకున్నవాళ్లు ఎందుకు పడలేదంటే, వాళ్లను వెనక్కి లాగడానికి కడ్డీ ఉంది.

జడత్వం బలం కాదు. వస్తువుకుండే మొండితనం అది. ఆగి ఉంటే ఆగే ఉంటానంటుంది, పోతుంటే అదే వడితో అదే దారిలో పోతానంటుంది. పరీక్షలో "జడత్వ బలం వల్ల" అని రాస్తే నేనైతే మార్కు ఇవ్వను.

దీన్ని నమ్మడం అంత సులువేం కాదు. మన కళ్లముందు కదిలేవన్నీ చివరికి ఆగిపోతాయి. తొయ్యడం మానేస్తే తోపుడుబండి ఆగుతుంది, తొక్కడం మానేస్తే సైకిల్ ఆగుతుంది. కాబట్టి కదలాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని అనిపిస్తుంది. గ్రీకు దేశపు అరిస్టాటిల్ అలాగే చెప్పాడు, దాదాపు 2000 ఏళ్లు లోకం దాన్నే నమ్మింది. ఆ నమ్మకం ఎంత గట్టిదో తెలియాలంటే బస్తీలో సాయంత్రం క్యారంబోర్డు ఆడే చోటికి వెళ్లి చూడండి. బోర్డు మీద పౌడర్ లేకపోతే స్ట్రైకర్ సగం దూరంలోనే చతికిలబడుతుంది. కాస్త బోరిక్ పౌడర్ చల్లి, అరచేత్తో నాలుగువైపులా రుద్ది, అదే దెబ్బ కొట్టండి. అవతలి అంచుకు తగిలి, వెనక్కొచ్చి, మళ్లీ అవతలికి పోతుంది. వేలు స్ట్రైకర్‌ను తాకింది రెప్పపాటు కాలం. ఆ తర్వాత దాన్ని తోసేవాళ్లు లేరు. పౌడర్ కూడా తొయ్యలేదు, ఆపే ఘర్షణను తగ్గించింది, అంతే. అంటే స్ట్రైకర్ ఎందుకు పోతోందని అడగడం దండగ. ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు అని అడగాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న మార్చుకోవడమే.

ఇటలీలో గెలీలియో ఈ ప్రశ్నను మార్చాడు. ఒక వాలు మీద నుంచి బంతిని దొర్లిస్తే ఎదుటి వాలు మీద ఇంచుమించు అంతే ఎత్తుకు ఎక్కుతుంది. ఎదుటి వాలును తగ్గిస్తే, అదే ఎత్తు అందుకోవడానికి ఇంకా దూరం పోతుంది. మరి ఎదుట వాలే లేకుండా చదునుగా ఉంటే? ఘర్షణ లేకపోతే పోతూనే ఉంటుంది. న్యూటన్ దీన్నే మొదటి గమన నియమంగా 1687లో అచ్చు వేశాడు. మన ఊరికి ఆ సంవత్సరం ఇంకో రకంగా గుర్తుండాలి. ఔరంగజేబు సైన్యం నెలల తరబడి చుట్టుముట్టిన గోల్కొండ కోట చేతికి చిక్కింది ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే. లండన్‌లో ఆ పుస్తకం బయటికొచ్చిన రోజుల్లో ఇక్కడ ఫిరంగులు పేలుతున్నాయి. ఫిరంగి నోరు దాటాక గుండును తోసేదేమీ ఉండదని, కిందికి లాగే భూమి, అడ్డుకునే గాలి మాత్రమే ఉంటాయని రెండు పక్షాల గోలందాజుల్లో ఎవరికీ తెలిసి ఉండదు.

సరే, ఇక ప్రయోగం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, మెట్రో టికెట్ చాలు. జామెట్రీ బాక్సులోంచి ప్రొట్రాక్టర్ తీయండి. దాని తిన్నని అంచు మధ్యలో ఉండే చిన్న రంధ్రానికి జానెడు దారం కట్టి, దారం చివర ఒక తాళంచెవి వేలాడదీయండి. తిన్నని అంచు పైకి ఉండేలా పట్టుకుంటే దారం సరిగ్గా 90 గీత మీద నిలబడుతుంది. మన మెట్రోలో సీట్లు కిటికీల వెంబడి పొడుగ్గా ఉంటాయి కదా, అక్కడ కూర్చుని ప్రొట్రాక్టర్‌ను ఎదుటి కిటికీకి సమాంతరంగా, మీ ముఖానికి ఎదురుగా పట్టుకోండి. ఆదివారం పొద్దున అయితే మంచిది. అమీర్‌పేటలో జనం మారే వేళ ఈ పని పెట్టుకుంటే ప్రొట్రాక్టర్ ఇంటికి తిరిగి రాదు.

తలుపులు మూసుకుని రైలు బయలుదేరగానే తాళంచెవి వెనక్కి వాలుతుంది. ఎన్ని డిగ్రీలు వాలిందో చూడండి. ఆరు డిగ్రీలు వాలితే, రైలు వడి ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున పెరుగుతోందని లెక్క. దీన్నే త్వరణం అంటాం. వాలిన కోణానికి ట్యాన్ విలువ చూసి 9.8తో గుణిస్తే త్వరణం వస్తుంది. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి దేనికి పనికొస్తుందని అనుమానం ఉంటే ఇదిగో, దీనికి.

అసలు చూడాల్సింది ఆ తర్వాత ఉంది. రైలు ఊపందుకుని ఒకే వడికి వచ్చాక తాళంచెవి మెల్లగా మళ్లీ 90 గీత మీదికి వచ్చేస్తుంది. కింద రోడ్డు మీద బస్సులు, బైకులు వెనక్కి పోతుంటాయి, అంత వడిగా పోతున్నాం. తాళంచెవి మాత్రం స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దానికి వడి ఎంతో తెలియదు. వడి మారితేనే తెలుస్తుంది. రైలు బ్రేకు వేయగానే ముందుకు వాలుతుంది. మలుపులో ఏం చేస్తుందో చూడాలంటే ప్రొట్రాక్టర్‌ను అడ్డంగా తిప్పి పట్టుకోవాలి. వడి మారకపోయినా దిశ మారితే చాలు, తాళంచెవి పక్కకు వాలుతుంది. ఎటు పక్కకో నేను చెప్పను, చూసి మీ సార్‌కి చెప్పండి.

రెండో నియమం పుస్తకంలో ఒక్క ముక్క: బలం అంటే ద్రవ్యరాశిని, అంటే వస్తువులో ఎంత పదార్థం ఉందో దాన్ని, త్వరణంతో గుణించగా వచ్చేది. దీన్ని బట్టీ కొట్టడానికి అర నిమిషం పడుతుంది, కానీ ఇది రోజూ ప్రాణాలు కాపాడే లెక్క. పొడి తారురోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టిన బైకు వడి సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వడి మీద ఉంటే 5 మీటర్లలో ఆగుతుంది. 60 మీద ఉంటే 10 మీటర్లలో ఆగుతుందని అనుకుంటారు. కాదు, 20 మీటర్లు కావాలి. వడి రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. వాన పడి బ్రేకు పట్టు 7 నుంచి 4కు తగ్గితే ఆ 20 కాస్తా 35 అవుతుంది. పైగా ముందు బండి ఎర్రలైటు చూసి మన వేలు బ్రేకు నొక్కడానికి సెకను పడితే, ఆ సెకనులోనే ఇంకో 16, 17 మీటర్లు పోయి ఉంటాం. తొలకరి చినుకులకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిడ్డు తేలినప్పుడు పట్టు ఇంకా తగ్గుతుంది.

హెల్మెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బండి పూర్తిగా ఆగి ఉన్నప్పుడు పక్కకు పడినా సరే, మీటరున్నర ఎత్తు నుంచి తల నేలకు తగిలేటప్పటికి దాని వడి గంటకు దాదాపు 20 కిలోమీటర్లు ఉంటుంది. హెల్మెట్ లోపలి థర్మాకోల్ లాంటి పొర నలిగి, తల ఆగడానికి రెండున్నర సెంటీమీటర్ల చోటు ఇచ్చిందనుకోండి. పడిన ఎత్తు 150 సెంటీమీటర్లు, ఆగిన దూరం రెండున్నర. 150ని రెండున్నరతో భాగిస్తే 60. తల మీద పడే బలం సగటున తల బరువుకు 60 రెట్లు. ఆ పొర లేక, రెండున్నర మిల్లీమీటర్లలోనే ఆగాల్సి వస్తే 600 రెట్లు. చలానా తప్పించుకోవడానికి పెట్టుకునే ఉత్త ప్లాస్టిక్ టోపీలో లేనిది ఆ పొరే.

ద్రవ్యరాశి, బరువు ఒకటేనా అని చాలామంది అడుగుతారు. దీనికి హుస్సేన్ సాగర్ బుద్ధుడే మంచి ఉదాహరణ. సుమారు 58 అడుగుల ఏకశిల, బరువు వందల టన్నులు. 1990లో నీళ్ల మీదుగా తరలిస్తుండగా మునిగిపోయింది, ప్రాణనష్టం కూడా జరిగింది. బయటికి తీసి నిలబెట్టింది 1992 డిసెంబర్‌లో. ఆ గ్రానైట్ రాయి నీటికంటే ఇంచుమించు 2.7 రెట్లు సాంద్రమైనది. అందుకని నీళ్లలో ఉన్నంతసేపు ప్రతి 100 కిలోల్లో 37 కిలోల భారాన్ని నీరే మోస్తుంది, తాళ్ల మీద పడేది 63. బరువు తగ్గినట్టే. ద్రవ్యరాశి మాత్రం పిసరంత కూడా తగ్గదు. కదిలించాలంటే పెట్టే మొండితనం నీళ్లలోనూ అంతే.

మూడో నియమం దగ్గర పిల్లలు ఎక్కువగా తికమక పడతారు. చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందంటారు కదా, రెండూ సమానమైతే రద్దయిపోవాలి, మరి ఏదైనా ఎలా కదులుతుంది? ఈ సందేహం వచ్చిందంటే పిల్లలు నిజంగా ఆలోచిస్తున్నారన్నమాట.

మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యం ఒకటి చూద్దాం. గ్యాస్ అయిపోయి ఆటో ఆగిపోయింది. వెనక వస్తున్న ఆటోవాలాను "అన్నా, జర నూకవా" అని అడిగాడు. ఆయన తన ఆటో నడుపుతూనే ఒక కాలు బయటికి చాపి, ముందు ఆటో వెనక భాగానికి పాదం ఆనించి తోసుకుంటూ పోతున్నాడు. పాదం ముందు ఆటోను ఎంత బలంతో నూకుతోందో, ఆ ఆటో పాదాన్ని అంతే బలంతో వెనక్కి నూకుతోంది. అందుకే ఆయన మోకాలు బిగబట్టి కూర్చున్నాడు. ఈ రెండు బలాలూ రద్దు కావు, ఎందుకంటే ఒకటి పడేది ముందు ఆటో మీద, రెండోది పడేది వెనకాయన కాలి మీద. ఒకే వస్తువు మీద పడే బలాలనే కూడాలి, తీసెయ్యాలి. నా జేబులోంచి ఖర్చయింది మీ జేబులోకి వచ్చింది కదా అని ఇద్దరి లెక్కా సున్నా అంటే ఒప్పుకుంటామా?

మరి వెనక ఆటోను ముందుకు తోసేది ఎవరు? ఇంజన్ అంటారు. ఇంజన్ చక్రాన్ని తిప్పుతుంది, అంతవరకే. టైరు రోడ్డును వెనక్కి నూకుతుంది, రోడ్డు టైరును ముందుకు నూకుతుంది. బురదలో దిగబడితే ఇంజన్ ఎంత అరిచినా చక్రం అక్కడే గిర్రున తిరగడం ఇందుకే.

చివరగా ఒక లెక్క. రెండు ఆటోలూ ఒకే వడితో సాఫీగా పోతున్నాయి. ముందు ఆటో మీద పాదం పెట్టే బలం, దాన్ని వెనక్కి పట్టే రోడ్డు, గాలి బలాలకంటే ఎక్కువా, సమానమా? ఎక్కువే అని పదిమందిలో తొమ్మిదిమంది చెబుతారు. సమానం. కదిలించేటప్పుడు ఎక్కువ కావాలి, వడి నిలబెట్టడానికి సమానంగా ఉంటే చాలు. మనిషితో కలిపి 400 కిలోల ఆటోను చదును రోడ్డు మీద నెమ్మదిగా అలా పోనివ్వడానికి సుమారు 8 కిలోల బరువు మోసేంత బలం సరిపోతుంది. అదే 25 మీటర్లకు ఒక మీటరు ఎక్కే ఫ్లైఓవర్ అయితే, అదనంగా 400ని 25తో భాగించినంత, అంటే ఇంకో 16 కిలోలు. మొత్తం మూడింతలు, అదీ ఒంటి కాలి మీద. అందుకే నూకే ఆటోవాలా ఫ్లైఓవర్ కనపడగానే ఎడమకు తిప్పి కింది రోడ్డు పట్టుకుంటాడు. సెలవు, నమస్కారం.