ఫొటో తీసే మనిషిని చూడటానికి కలుద్దాం

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్‌లో పరిచయమైన ఫొటోగ్రాఫర్లం ఇవాళ ఇలా కలుసుకున్నాం. ఈ గదిలో చాలామందికి ఒకరి ఫొటోలు ఒకరికి కంఠతా వచ్చు. ముఖాలే కొత్త. ఇందాక తలుపు దగ్గర ఒకాయన పేరు చెబితే ఎవరికీ వెలగలేదు. ఇన్‌స్టాగ్రామ్ ఐడీ చెప్పగానే నలుగురు "అయ్యో, మీరేనా అండీ!" అంటూ చుట్టూ చేరారు.

ఫొటోగ్రాఫర్లు ఇలా గుమిగూడటం సోషల్ మీడియాతో మొదలైందనుకుంటాం గానీ, లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది 1853లోనే. అప్పట్లో ఫొటో అంటే రసాయనాలతో కుస్తీ. తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూస్తే గానీ పని పట్టుబడేది కాదు. 1932లో అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ వంటివాళ్లు కలిసి పెట్టుకున్న బృందానికి ఏకంగా ఒక అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం సైజు) పేరే పెట్టారు: గ్రూప్ ఎఫ్/64. పెద్ద కెమెరాల్లో అంత చిన్న అపర్చర్ పెడితే ముందున్న రాయి నుంచి వెనకున్న కొండ దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. మసక మసకగా తీయడమే కళ అనుకుంటున్న రోజుల్లో అదొక తిరుగుబాటు. 2004లో ఫ్లికర్ అనే ఫొటోల సైటు, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక, కలవడానికి క్లబ్బు సభ్యత్వం అక్కర్లేకుండా పోయింది. ఒక హ్యాష్‌ట్యాగ్ చాలు.

మరి కలిసి ఏం చేయాలి? నా మటుకు నేను ఫొటోలు తీయడానికి కన్నా, తీసేవాళ్లని చూడటానికే వెళ్తాను. స్క్రీన్ మీద మనకు దొరికేది వాళ్లు ఏరిపెట్టిన ఒక్క ఫ్రేమ్. ఫొటో ఫైల్‌లోనే కెమెరా రాసిపెట్టే వివరాలు, అదే ఎక్సిఫ్ డేటా, తెరిస్తే షట్టర్ స్పీడు, అపర్చర్, ఐఎస్‌వో (వెలుతురుకి కెమెరా స్పందించే సెట్టింగు) తెలుస్తాయి. ఆ మనిషి ఎంతసేపు ఆగారో, దేన్ని వదిలేశారో అందులో ఉండదు.

ఒక ఫొటో వాక్‌లో, అంటే అందరం కలిసి నడుస్తూ ఫొటోలు తీసే చోట, చూశాను. గోడ నీడ మెట్లని ఏటవాలుగా కోస్తోంది. మేమంతా నాలుగు క్లిక్కులు కొట్టి ముందుకు వెళ్లిపోయాం. ఒకావిడ మాత్రం అక్కడే ఆగారు. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి, ఎండ పడిన మెట్టుకి ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుతురు రావాలో) సరిచూసుకుని, ఆ మెట్టు మీదే ఫోకస్ ఆపి, మోకాళ్ల మీద కూర్చున్నారు. గొడుగు వేసుకుని ఒకాయన దిగారు. ఆవిడ నొక్కలేదు. పిల్లలు గెంతుకుంటూ దిగారు. ఊహూఁ. చివరికొక పెద్దాయన పాదం ఎండలోకి వచ్చి, ముఖం ఇంకా నీడలోనే ఉండగా, టక్కున ఒక్కసారి నొక్కారు. "గొడుగాయన బాగున్నాడు కదండీ, వదిలేశారేం?" అని అడిగాను. "ఆ గొడుగు నీడ పడితే మెట్టు అంచు కనపడదండీ" అన్నారు. ఆ ఫొటోకి నేను ఆన్‌లైన్‌లో లైక్ కొట్టి ఉండేవాణ్ణి, అంతే. మెట్టు అంచు గురించి ఆలోచన కూడా వచ్చేది కాదు.

ఫిల్మ్ రోజుల్లో కాంటాక్ట్ షీట్ అని ఉండేది. రోల్‌లో ఉన్న ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద, చెడిపోయినవి కూడా. దాన్ని చూస్తే ఫొటోగ్రాఫర్ బుర్ర ఎటు తిరిగిందో తెలిసేది. ఇప్పుడు మనం నచ్చనివి అక్కడికక్కడే డిలీట్ చేసేస్తున్నాం. నడక అయ్యాక అందరం కూర్చుని, కెమెరా వెనక స్క్రీన్ మీద మొదటి ఫ్రేమ్ నుంచి వరసగా చూపించుకుంటే, మీటప్‌లో అసలైన అరగంట అదే. లక్ష మంది ఫాలోవర్లున్నాయన కూడా మొదటి పది ఫ్రేములు మనలాగే తడుముకుంటారు. అది చూస్తే మనకు భలే ధైర్యం వస్తుంది!

కొన్ని చిరాకులు కూడా చెప్పాలి. లెన్సుల ధరల గురించి మొదలైన కబుర్లు ఎప్పటికీ తెగవు. మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) కలిస్తే లెన్స్ మార్చుకుని వాడి చూడండి, వాదన దానంతటదే ఆగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు గుంపు. దారిలో కూర్చున్న ఒక మనిషి మీదికి ఇరవై కెమెరాలు లేస్తే, అది వేటలాగే ఉంటుంది. ముందు ఒకరు వెళ్లి మాట్లాడాలి, వద్దంటే అందరూ కెమెరాలు దించాలి. పది మంది దాటితే రెండు జట్లుగా విడిపోదాం. మోడల్‌తో షూట్ ఉంటే, పోజు మార్చమని నోటితో చెప్పండి, చేత్తో సరిచేయొద్దు. ఫొటో పోస్ట్ చేసేముందు వాళ్ల అనుమతి అడగండి. ఆన్‌లైన్ పరిచయంతో మొదటిసారి వచ్చేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పట్టపగలు నలుగురు తిరిగే చోటే పెట్టడం నిర్వాహకుల బాధ్యత. ఇందులో బేరాల్లేవు.

సరే, వెలుతురు ఏటవాలుగా మారే వేళయింది, బయల్దేరదాం. ఇద్దరిద్దరుగా నడవండి. మీ పక్కనున్నవాళ్లు కెమెరా ఎత్తినప్పుడు మీది కాసేపు దించి వాళ్లనే చూడండి. తిరిగొచ్చేదాకా ఒక్క ఫ్రేమ్ కూడా డిలీట్ చేయొద్దు. ఇక్కడే కూర్చుని అన్నీ చూద్దాం.